ఎడమ పక్క చక్రం

మా పాపను మట్టి చేసిన మూడు వారాలకు నేను మళ్లీ డ్యూటీలో చేరాను. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. నంద్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సును. మా ఆయన అదే ఊర్లో బడిపంతులు. పాపకు మూడేళ్లు నిండి రెండు నెలలు. రెండు రోజులు జ్వరం కాసింది. మూడో రోజు తెల్లారేసరికి లేదు. జ్వరం మెదడుకెక్కిందన్నాడు డాక్టరు. నేను రోజూ దుప్పట్లు మార్చే మంచాల్లోనే ఒకదాని మీద పోయింది.

ఇది డెబ్బయ్యో దశకం చివరి సంగతి.

ఆ మూడు వారాల్లో నేను ఏడ్చానా అంటే సరిగా చెప్పలేను. మొదటి రోజు ఏడ్చాను. ఆ తర్వాత లోపల ఏదో ఆగిపోయింది. అన్నం పెడితే తినేదాన్ని, రుచి మాత్రం తెలిసేది కాదు. చర్చి సంఘం వాళ్లు సాయంత్రాలు వచ్చి ప్రార్థన చేసి పోయేవాళ్లు. వాళ్లతో పాటు నేనూ ఆమేన్ అనేదాన్ని. మా అత్తమ్మ పాప గౌన్లన్నీ మూటగట్టి అటక మీద పెట్టింది. ఇంట్లో పాప పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే నేనేమైపోతానో అని వాళ్ల భయం. మా ఆయన ముందర ఎత్తితే ఆయనేమైపోతాడో అని నా భయం. ఉన్నది రెండు గదుల ఇల్లు. అందులోనే ముగ్గురం ఒకరి కళ్లలోకి ఒకరం చూడకుండా తిరిగేవాళ్లం.

మా పెద్ద నర్సమ్మ నన్ను వార్డులో వేయకుండా ఆళ్లగడ్డ పనికి పంపింది. ఆ మంచం నా కంట పడకుండా ఉంటుందని. నా మంచి కోరే పంపింది. ప్రతి గురువారం మా ఆసుపత్రి జీపు ఆళ్లగడ్డకు పోయేది, పసిపిల్లలకు సూదులు వేయడానికి. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం, ఈ మూడింటికీ కలిపి ఒకటే సూది. నెలకొకటి చొప్పున మూడు నెలలు వేయాలి. మందు సీసాల్ని ఐసు ముక్కల మధ్య ఒక పెట్టెలో పెట్టుకుని పోవాలి. ఐసంతా కరిగిపోతే ఆ మందు పనికిరాదు.

జీపు డ్రైవరు యాభై దాటిన మనిషి, సాయిబు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను సిస్టరమ్మా అనేవాడు. మా ఆసుపత్రిలో చేరి రెండు నెలలే అయింది. అంతకు ముందు చాలా ఏళ్లు నంద్యాల బస్టాండు దగ్గర బాడుగకు అంబాసిడర్ కారు నడిపాడు. పాపను పెట్టెలో పెట్టి ఆసుపత్రి నుంచి సమాధుల తోటకు తీసుకుపోయింది ఈ జీపులోనే, వెనక రెండు సీట్ల మధ్య. నడిపింది ఆయనే.

నేను పోయిన మొదటి గురువారం పొద్దున ఐసు పెట్టెను తెచ్చి జీపు వెనక, రెండు సీట్ల మధ్య కింద పెట్టాడు. పెట్టి, చేయి దాని మీదే ఉంచి కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత దాన్ని పైకెత్తి తెచ్చి ముందు సీట్లో నా కాళ్ల దగ్గర పెట్టాడు. ఎందుకు మార్చావని నేనడగలేదు.

శిరివెళ్ల దాటి మూడు నాలుగు మైళ్లు పోయాక జీపు ఎడమ పక్కకు లాగింది. ఆయన రోడ్డు దించి ఆపాడు. ముందర ఎడమ పక్క చక్రం నేలకు అణిగిపోయి ఉంది. ఇటు జొన్నచేలు, అటు ఒక మోటారు బావి, దూరంగా నల్లమల కొండలు. ఎండ అప్పుడప్పుడే ముదురుతోంది.

పది నిమిషాల పని అన్నాడాయన. వెనక నుంచి జాకీ, వీల్ పానా తీశాడు. చక్రం నేల మీద ఉండగానే ముందు నట్లు వదులు చేసుకోవాలని, జాకీ ఎత్తినాక చక్రం తిరిగిపోయి పట్టు దొరకదని నాకు వివరంగా చెప్పాడు. ఆ రోజుల్లో నాతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలని ఆయన ప్రయత్నం అనుకుంటాను. నేను పెట్టె మీద తడిగుడ్డ కప్పి నీడ పట్టున పెట్టి, పక్కన నిలబడ్డాను.

మొదటి నట్టు రాలేదు. రెండోది రాలేదు. అయిదు నట్లలో ఒక్కటీ కదల్లేదు. ఆయన పానా మీద కాలు పెట్టి తొక్కాడు. గుడ్డ పెట్రోల్లో ముంచి నట్ల మీద పిండాడు. కాసేపాగి మళ్లీ తొక్కాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పాత డ్రైవరు ఏ మొండితనంతో బిగించాడో అని గొణుక్కున్నాడు. బావి దగ్గర మోటారు వేసుకుంటున్న రైతును అడిగి ఒక ఇనప పైపు తెచ్చాడు. దాన్ని పానా కాడకు తొడిగితే పట్టు పొడవవుతుంది, తక్కువ బలంతో ఎక్కువ తిరుగుతుంది. ఆ పైపు చివర మీద ఎగిరి కూర్చున్నట్టుగా బరువంతా వేశాడు.

కిర్రుమని నట్టు కాస్త తిరిగింది.

"కదిలిందమ్మా" అన్నాడు, ముఖమంతా వెలుగుతో.

కదిలింది. కానీ వదలలేదు. మళ్లీ తొక్కితే ఇంకాస్త తిరిగి బండలా ఆగిపోయింది. నేను చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకుని, నేనూ ఎక్కుతానన్నాను. ఆయన వద్దన్నాడు. వద్దంటున్నా ఎక్కాను. ఆయన ఒక పక్క, నేను ఒక పక్క జీపు చక్రం మీది రేకు పట్టుకుని పైపు మీద నిలబడి ఊగాం. రెండోసారి ఊగినప్పుడు పానా నట్టు మీంచి జారింది. ఆయన జీపును పట్టుకుని నిలదొక్కుకున్నాడు. నేను కంకర మీద పడ్డాను.

మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. ఆయన కంగారుపడిపోయాడు. నేను ఆ చేతిని వార్డులోకొచ్చిన ఎవరిదో చేతిలాగా చూశాను. సంచిలోంచి దూది తీసి స్పిరిట్ అద్దాను. పచ్చి పుండు మీద స్పిరిట్ పడితే ఎంతటి మొగవాడైనా బుస్సుమంటాడు. నాకేమీ కాలేదు. నొప్పి లేదన్నా అంటే ఆయన నమ్మలేదు. నేను చెప్పింది నిజమే.

పానా జారిన ఆ నట్టు మూలలు అరిగిపోయి గుండ్రంగా తయారయ్యాయి. దాని మీద పానా ఇంక కూర్చోదు.

అట్లా గంటకు పైగా గడిచింది. పెట్టె మూత తీసి చూస్తే ఐసు సగానికొచ్చింది. అప్పుడు బేతంచెర్ల నాపరాళ్లు వేసుకుని కడప పక్కకు పోయే లారీ ఒకటి ఆగింది. లారీ డ్రైవరు దిగి, బీడీ ముట్టించుకుని, మా డ్రైవరన్న మళ్లీ పైపు మీద వంగడం కాసేపు చూశాడు.

"ఎటు తిప్పుతాండావప్పా?" అన్నాడు.

విప్పే పక్కకే అన్నాడు మా డ్రైవరన్న, తల ఎత్తకుండా.

"ఈ జీపుకు ఎడమ పక్క చక్రాలది ఎడమ మర. నువ్వు విప్పడం లేదు. బిగిస్తాండావ్."

మా డ్రైవరన్న పైపు వదిలేశాడు. లారీ డ్రైవరు వంగి నట్టు మధ్యలో పొడుచుకొచ్చిన బోల్టు మొన మీద మట్టి తుడిచి చూపించాడు. అక్కడ ఇంగ్లీషు అక్షరం ఒకటి చెక్కి ఉంది, ఎడమ అని గుర్తు. చక్రం ముందుకు పరిగెత్తేటప్పుడు ఎడమ పక్క నట్లు వాటంతటవే వదులైపోతాయని, అందుకే కొన్ని బండ్లకు ఆ పక్క కుడికి తిప్పితే వదిలే తిరుగుడు మర పెడతారని చెప్పాడు. అంబాసిడర్‌కు అట్లా ఉండదు. మా డ్రైవరన్న బతుకంతా నడిపింది అంబాసిడర్. ఈ జీపు ఎడమ చక్రం విప్పాల్సిన అవసరం ఆయనకు ఆ రోజు వరకూ రాలేదు.

ఆయన రోడ్డు పక్కన కూలబడ్డాడు. "ఇంతసేపూ బిగిస్తాంటి" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. నన్ను చూడలేకపోయాడు. నాకు కోపం రాలేదు. నవ్వూ రాలేదు. సరే, అటు కాకపోతే ఇటు తిప్పాలి, అంతే కదా అనుకున్నాను.

ఇద్దరూ కలిసి పైపు వేసి అటు పక్కకు తొక్కితే నాలుగు నట్లు ఒక్కొక్కటే కీచుమంటూ వదిలాయి. అయిదోది, మేమిద్దరం ఎక్కి తొక్కింది, రాలేదు. పానా దాని మీద ఊరికే తిరిగింది. లారీ డ్రైవరు సుత్తితో నాలుగు దెబ్బలు వేసి చూసి, దీన్ని కోయాల్సిందే, కమ్మరినో మెకానిక్కునో తెచ్చుకోండి అని చెప్పి బండెక్కాడు. కొద్దిసేపటికి నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సు వచ్చింది. జీపును వదిలి ఆయన రాలేడు. పెట్టె తీసుకుని నేనెక్కాను.

బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. అడుగున చిల్లిలోంచి ఐసునీళ్లు కారి చీర తడిసింది. చల్లగా ఉందని తెలుస్తూనే ఉంది.

ఆళ్లగడ్డలో మేం సూదులు వేసేది ఒక చిన్న చర్చి వరండాలో. తల్లులు పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నారు. కొందరు వెళ్లిపోయారట, ముప్పై మంది దాకా మిగిలారు. ఐసు ముక్కలు ఇంకా పిడికెడు ఉన్నాయి. గబగబా పొయ్యి వెలిగించి సూదులు మరగబెట్టి పని మొదలుపెట్టాను. పిల్లను తల్లి ఒళ్లో బోర్లా పట్టుకోవడం, దూదితో తుడవడం, గుచ్చడం, తీయడం. నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఏడ్చే పిల్లల నోళ్లు చూస్తుంటే గొంతులో ఎరుపుందా, నాలుక మీద పూత ఉందా అనే నా కళ్లు వెతికాయి తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆ ఆడవాళ్ల మధ్య ఒకే ఒక మగమనిషి. అరవై ఏళ్లుంటాయి. భుజం మీద ఏడాది మనవరాలు. కనుబొమల్లో, చెవుల మీది వెంట్రుకల్లో తెల్లటి రాతిపొడి. ఆళ్లగడ్డలో శిల్పులు ఎక్కువ, విగ్రహాలు చెక్కే మనిషని చూడగానే తెలిసిపోతుంది. కూతురు రెండో కాన్పుకు వచ్చి పురిట్లో ఉందట, అందుకని ఆయన వచ్చాడు. పాపకు అది మొదటి సూది. గుచ్చినప్పుడు పాపకంటే ముందు ఆయన కళ్లు మూసుకున్నాడు.

పనైపోయాక మెకానిక్కు ఎక్కడ దొరుకుతాడని అక్కడున్న వాళ్లను అడిగాను. షెడ్డు మూసి ఉంది, మెకానిక్కు ప్రొద్దుటూరు పోయాడన్నారు. ఆ పెద్దాయన ఇంకా అక్కడే మనవరాలిని ఓదారుస్తూ ఉన్నాడు. ఏందమ్మా సంగతి అన్నాడు. చెప్పాను. ఎన్ని నట్లు, ఎంత లావు, మొన బయటికుందా లేదా అని అడిగాడు. అన్నీ విని, కోయాలంటే ఉలి, సుత్తి కావాలి, రెండూ నా దగ్గరున్నాయి, పద వస్తానన్నాడు. నాకు మొహమాటమేసింది. నువ్వు దేవుళ్లను చెక్కే ఉలి గదప్పా, ఇనుము మీద పెడితే పాడైపోదా అన్నాను.

"దినామూ ఉలులు కాల్చి సాగగొట్టుకునేటోన్ని. ఇనుము నాకు కొత్తగాదు" అన్నాడు.

మనవరాలిని ఇంట్లో వదిలి, గుడ్డసంచిలో సామాన్లు వేసుకుని బస్టాండుకు వచ్చేశాడు. ఐసు పెట్టెను చర్చి దగ్గర కాపలా అమ్మకు అప్పజెప్పి నేనూ వచ్చాను. నంద్యాల పోయే బస్సులో నాకు అవతలి వరుసలో కూర్చున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు కదలగానే నా పక్కకు తిరిగాడు.

"నీకెంతమంది పిల్లోళ్లమ్మా?"

ఎవరైనా అడిగే మాటే. కానీ ఆ మూడు వారాల్లో నన్నెవరూ అడగలేదు. నాకు తెలిసినవాళ్లందరికీ జవాబు తెలుసు.

"ఒకతే. ఆడబిడ్డ" అన్నాను.

"ఏమంత వయసు?"

"మూడేండ్లు."

అంతవరకూ అది అబద్ధం కూడా కాదు. అక్కడ ఆపి కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు. ఆయన తన మనవరాలు పెరుగన్నం తప్ప ఏమీ ముట్టదని, అన్నం పెట్టేసరికి ఇంటిల్లిపాదికీ తలప్రాణం తోకకొస్తుందని చెప్పుకొచ్చి, "నీ బిడ్డ బాగా తింటాదా?" అని అడిగాడు.

"తింటాది" అన్నాను. "జొన్నరొట్టె అంటే ఇష్టం. కాల్చేటప్పుడు పైకి ఉబ్బుతాది చూడు, ఆ పొర ఒలిపించుకుని అదొక్కటే తింటాది."

ఇంక ఆయన అడుగుతూ పోయాడు, నేను చెబుతూ పోయాను. బావి గిలక చప్పుడంటే దానికి భయమని చెప్పాను. నేను డ్యూటీకి బయలుదేరితే తెల్లచీర కుచ్చిళ్లలో దూరి దాక్కుంటుందని చెప్పాను. చర్చిలో గంట కొట్టే తాతతో పాటు తాడు పట్టుకుని వేలాడుతుందని, దించితే నేల మీద పడి దొర్లుతుందని చెప్పాను. అన్నీ ఇప్పుడు జరుగుతున్నట్టే. నా గొంతు మామూలుగానే ఉంది. అబద్ధమాడుతున్నానన్న సిగ్గు లేదు. ఏడుపు రాలేదు. ఆ పెద్దాయన తల ఊపుతూ, అక్కడక్కడా చిన్నగా నవ్వుతూ వింటున్నాడు. జీపు కనబడగానే బస్సు ఆపమన్నాం.

మా డ్రైవరన్న బావి నుంచి నీళ్లు తెచ్చి నట్టు చుట్టూ మట్టంతా కడిగి పెట్టాడు. స్టెప్నీ చక్రం పక్కనే ఆనించి సిద్ధంగా ఉంచాడు. పెద్దాయన చక్రం ముందు గొంతుకూర్చుని నట్టును బొటనవేలితో చుట్టూ తడిమాడు. విప్పాల్సింది ఎటు అని అడిగి తెలుసుకున్నాడు. మొదట ఉలిని నట్టు అంచున ఏటవాలుగా పెట్టి ఆ పక్కకు తిరిగేలాగా కొట్టి చూశాడు. కదల్లేదు.

"రాయైతే యాడ పగులుతాదో తెలుస్తాది. దీనికి అట్లాంటిదేం లేదు. అంతా ఒకటే" అన్నాడు.

ఇంకో ఉలి తీశాడు. పొట్టిది, మొద్దుది, పెద్ద రాళ్లకు మొదటి చెక్కుడు చెక్కేది. దాన్ని నట్టు చదునుగా ఉన్న పక్క మీద నిలువుగా పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. నేను పెద్ద పెద్ద దెబ్బలేస్తాడనుకున్నాను. అన్నీ ఒకే రకం దెబ్బలు, ఎక్కువా కాదు, తక్కువా కాదు. నాలుగు కొట్టి ఆగి, పొడి ఊది, గోటితో గాడి తడిమి చూసుకుని మళ్లీ నాలుగు. తొందరేమీ లేదు. లోపలి బోల్టు మర చెడిపోతే చక్రమే నిలవదని, కాబట్టి దాని దాకా పోకుండా ఆపాలని మధ్యలో చెప్పాడు. ఒక పక్క గాడి దిగాక ఎదురు పక్క మొదలుపెట్టాడు. డ్రైవరన్న ఆయన తలకు ఎండ తగలకుండా టవలు పట్టుకుని నిలబడ్డాడు. నేను జీపు మెట్టు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉన్నాను. ఆ మూడు వారాల్లో నేను అంతసేపు ఒకే పనిని చూస్తూ కూర్చున్నది లేదు.

చివరికి నట్టు మీద వెంట్రుకంత సందు కనపడింది. అందులో ఉలి మొన పెట్టి మెల్లగా మెలిపెట్టాడు. టక్కుమని రెండుగా విచ్చుకుంది. డ్రైవరన్న దాన్ని ఊడబెరికి, వేడికి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. బోల్టు మర ఒక్క చోట నొక్కుకుంది, అంతే. ఉలి మొన మాత్రం మడతపడిపోయింది. పెద్దాయన దాన్ని చూసుకుని సంచిలో వేసుకున్నాడు. మళ్లీ కాల్చుకుంటాలే అన్నాడు.

చేతులు కడుక్కుంటూ డ్రైవరన్నతో, "సిస్టరమ్మ బిడ్డ సంగతులు చెప్తాంటే నాకు బస్సులో పొద్దే తెలీలేదప్పా. శానా తెలివైంది మాదిరుంది" అన్నాడు.

డ్రైవరన్న స్టెప్నీ చక్రం ఎత్తుతున్నవాడు ఎత్తుతున్నట్టే ఆగాడు. నన్ను చూశాడు. నేను కళ్లు దించుకోలేదు, అలాగని ఏమీ సైగ చేయనూ లేదు.

"అవునప్పా" అన్నాడాయన. "నేనూ చూసినా. శానా తెలివైంది."

చక్రం తొడిగి నాలుగు నట్లు బిగించాడు, ఈసారి మరను చూసి చూసి. నాలుగు చాలు, నంద్యాల పోయాక అయిదోది వేసుకుందామన్నాడు. పెద్దాయనను దింపి, ఐసు పెట్టె తెచ్చుకోవడానికి మళ్లీ ఆళ్లగడ్డ పోయాం. ఆయన ఇంటి ముందర పందిరి కింద గోనెసంచుల మీద సగం చెక్కిన విగ్రహాలు వెల్లకిలా పడుకోబెట్టి ఉన్నాయి. కొన్నిటికి చేతులు, నగలు, చీర మడతలు వచ్చాయి, ముఖాలు ఇంకా రాలేదు. అట్లాంటి చోటికి నేనెప్పుడూ పోలేదు. ఆయన లోపలికి పోయి ఒక చిన్న నల్లరాతి ఏనుగును తెచ్చాడు. అరచేతిలో ఇమిడేంత ఉంది. ఒక పక్క నున్నగా ఉంది, ఇంకో పక్క ఇంకా నునుపు పట్టలేదు.

"పాపకియ్యి. దేవుడు గాదులే, ఏనుగే. మీ ఇంట్లో ఉండొచ్చు."

తీసుకున్నాను. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు.

తిరిగి వస్తూ డ్రైవరన్న శిరివెళ్లలో జీపు ఆపాడు. అక్కడ టీ తాగేటప్పుడు, ఎడమ మర సంగతి తనకు తెలిసి ఉండాల్సిందన్నాడు. నాకూ తెలీదు గదన్నా అన్నాను.

ఇంట్లో మా ఆయన ఇంతసేపెందుకైందని అడిగితే పంచరని చెప్పాను. చేతికేమైందని అడిగితే పడ్డానన్నాను. ఏనుగును నా ట్రంకు పెట్టెలో, తెల్లచీరల అడుగున పెట్టాను.

ఆ తర్వాతి గురువారాలు మూడు గడిచాయి. ఆ పెద్దాయన మనవరాలికి రెండో సూది నెలకు గానీ లేదు. అయినా ప్రతి వారం వరండాలోకి అడుగు పెడుతూ ఆడవాళ్ల మధ్య ఆయన ఉన్నాడేమోనని చూసేదాన్ని. ఆ రెండో సూది వారం వేరేవాళ్లను పంపమని పెద్ద నర్సమ్మను అడుగుదామా అనుకున్నాను. అడగలేదు. నాలుగో గురువారం వచ్చాడు. సూది వేయించాడు. మనవరాలి ఏడుపు కాస్త సద్దుమణిగాక, "ఏనుగుతో ఆడుకుంటాందా?" అన్నాడు.

నేను గిన్నెలో సూదులు కడుగుతున్నాను. "లేదప్పా" అన్నాను.

"ఏం, నచ్చలేదా?"

"పాప లేదు. నువ్వు బస్సులో అడిగిన పొద్దుకే మూడు వారాలయింది, పోయి."

ఆయన మనవరాలిని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. వరుసలో ఉన్న ఆడవాళ్లు ఇటు తిరిగి చూశారు.

"మరి అన్నీ అట్ల చెప్తివే" అన్నాడు చివరికి. కోపంగా కాదు.

"నువ్వు అడిగితివి గదా. ఇంకెవురూ అడగలేదు."

ఆయన అవతలికి పోయాడు. వెళ్లిపోయాడనుకున్నాను. అందరికీ సూదులు వేసి, సామాన్లు సర్దుకుని బయటికి వస్తే వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మనవరాలు భుజం మీద నిద్రపోతోంది. పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఇంగా ఏమన్నా ఉంటే చెప్పు. నాకేం తొందర లేదు" అన్నాడు.

కూర్చున్నాను. చెప్పాను. ఈసారి వేరేగా చెప్పాల్సి వచ్చింది. 'తినేది' అన్నాను. 'దాక్కునేది' అన్నాను. ఆ తర్వాత జ్వరం, ఆ రెండు రోజులు, ఏ మంచం, ఏ మందు, ఎవరేం చెప్పారు, అన్నీ చెప్పాను. మధ్యలో ఏడ్చాను. ముక్కు చీదుకుని మళ్లీ చెప్పాను. ఆయన ఓదార్చలేదు. దేవుని మాట ఎత్తలేదు. మనవరాలి కాళ్ల మీద వాలే ఈగలను తోలుతూ విన్నాడు. డ్రైవరన్న జీపులో కూర్చుని ఉన్నాడు. ఎంత ఆలస్యమైనా హారను కొట్టలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో పెట్టె తెరిచి ఏనుగును తీసి బల్ల మీద పెట్టాను. ఎక్కడిదని మా ఆయన అడిగాడు. నట్టు సంగతి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. నేను అబద్ధం చెప్పిందానికి ఆయనేమంటాడోనని కొంచెం జంకు ఉండింది. ఆయన ఏనుగును చేతిలోకి తీసుకుని చూస్తూ, "రొట్టె పొర సంగతి నాకు తెలీదే" అన్నాడు. నిజమే, ఆయన బడికి పోయాకే మేం రొట్టెలు కాల్చుకునేది. తర్వాత ఆయన నాకు తెలియనిదొకటి చెప్పాడు. నేను రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు పాప నా దిండు తనకు కావాలని పేచీ పెట్టేదట. అట్లా రెండో మూడో చెప్పుకున్నాం. అత్తమ్మ వంటింటి గడపలో నిలబడి విన్నది. ఆమె దగ్గరా కొన్ని ఉన్నాయి.

ఆ రోజుతో అంతా బాగైపోయిందని చెప్పను. మరుసటి నెల, ఆ మరుసటి నెల కూడా రుచి తెలియని రోజులు ఎన్నో ఉన్నాయి. వార్డులో ఆ మంచం దగ్గరికి పోయి దుప్పటి మార్చడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. కానీ ఇంట్లో పాప పేరు వినపడసాగింది.

పెద్దాయన మూడో సూదికి కూడా వచ్చాడు. ఆ తర్వాత రావాల్సిన పని ఆయనకు లేదు. ఎప్పుడైనా బస్టాండులో కనబడితే బాగుండావా అంటే బాగుండావా అనుకునేవాళ్లం. డ్రైవరన్న జీపు ఎడమ పక్క రెండు చక్రాల మీదా తెల్లరంగుతో బాణం గుర్తు వేయించాడు, ఎటు తిప్పాలో ఎవరికైనా తెలిసేలాగా. ఎనభైల మొదట్లో మాకు బాబు పుట్టాడు. ఆసుపత్రి నుంచి మమ్మల్ని ఇంటికి తీసుకుపోయింది కూడా డ్రైవరన్నే. దారిపొడవునా గుంతల దగ్గర బండిని ఎంత మెల్లగా పోనిచ్చాడంటే, వెనక సైకిళ్లవాళ్లు బెల్లు కొట్టి మమ్మల్ని దాటుకుని పోయారు.